ముక్కుతో కొలిచిన మందు

మా బావ పంతొమ్మిదేళ్ళు తోటపని చేసిన కాలనీవాళ్ళు చివరికి ఆయన చేతిలో ఒక కాగితం పెట్టి పంపించారు. పచ్చిక మాడిపోవడానికి కారణం ఆయన 'తీవ్ర నిర్లక్ష్యం' అనీ, అందుకే పనిలోంచి తీసేస్తున్నామనీ దాని సారాంశం. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, కాగితాలు కూడబలుక్కుంటూ చదువుతాను. ఆ రెండు మాటలు మాత్రం ఒక్క ఊపున చదివేశాను. నిర్లక్ష్యమట. ఒళ్ళు కాలిపోతున్న రోజు కూడా తెల్లారేసరికి గేటు దగ్గర నిలబడ్డ మనిషికి నిర్లక్ష్యమట.

ఆ నిర్లక్ష్యం ఎవరిదో చెప్పాలంటే మా బావ సంగతి మొదటినుంచీ చెప్పాలి.

ఆయన మా అక్క మొగుడు. నన్ను ఆ కాలనీలో పనికి పెట్టించిందీ ఆయనే. నేను బావ అంటాను గానీ అక్కడ అందరికీ ఆయన 'ముక్కు'. ముక్కు పెద్దదని కాదు, అది చేసే పని పెద్దదని. కంచె పక్కగా నడుస్తూ టక్కున ఆగి, "ఇక్కడ వేరు కుళ్ళింది, తవ్వు" అనేవాడు. తవ్వితే కుళ్ళే ఉండేది. ఇంకో గంటలో వాన పడుతుందని గాలి పీల్చి చెప్పేవాడు. అక్క పొయ్యి మీద ఏం పెట్టిందో వీధి మలుపులోనే పసిగట్టేవాడట. "పెళ్ళయిన కొత్తలో ఈయనకి తెలియకుండా ఒక్క ముక్క నోట్లో వేసుకోలేకపోయానురా" అని అక్క నవ్వేది.

కాలనీలో నాలుగు వందల ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ నాలుగు కుండీలు, దారి పొడుగునా కత్తిరించిన కంచె, మధ్యలో క్లబ్బుహౌసు, దాని ముందు తివాచీ పరిచినట్టు పచ్చిక. ఆ పచ్చిక మీద ఒక్క కలుపు మొక్క కనబడితే మేనేజరుకి ఫోన్లు వచ్చేవి. చీమ కనబడితే ఫోన్లు, గొంగళి పురుగు కనబడితే ఫోన్లు. అందుకని వారానికి రెండుసార్లు మందు కొట్టేవాళ్ళం. కొట్టేవాళ్ళం అన్నాను గానీ నేను కొట్టలేదు. నాకు నడుం పట్టేసే జబ్బుంది. వీపున పదహారు లీటర్ల ట్యాంకు మోయలేనని తవ్వకంలోనూ, గడ్డి కోతలోనూ వేశారు. నడుంనొప్పికి దండం పెట్టుకోవలసిన రోజు వస్తుందని అప్పుడు అనుకోలేదు. ట్యాంకులు మోసేవాళ్ళు ఎనిమిది మంది. వాళ్ళందరికీ మందు కలిపి ఇచ్చేది మా బావ ఒక్కడే.

ట్రాన్స్‌ఫార్మరు వెనకాల మోటారు షెడ్డు ఉంది. కిటికీ లేదు, రేకుల కప్పు. అందులో ఒక నీలం డ్రమ్ము, ఒక కర్ర. మందు డబ్బాలు మొదట్లో కంపెనీ కాగితంతోనే వచ్చేవి. పుర్రె బొమ్మ, ఎర్ర గీతలు, చీమల బారులా సన్నటి అక్షరాలు ఉండేవి. మూతే కొలత, దాని లోపల గీతలుండేవి. ఒకరోజు ఎవరో ఇంటావిడ ఆ పుర్రె బొమ్మ చూసి, పిల్లలు ఆడుకునే చోట ఇదేమిటని గొడవ చేసింది. ఆవిడ అడిగింది న్యాయమే. దానికి మా మేనేజరు చేసిన పరిష్కారం ఏమిటో తెలుసా? మందు మానలేదు, బొమ్మ తీయించాడు. డబ్బాలు బయటే ఎక్కడో ఖాళీ చేయించి, తెల్ల క్యాన్లలో పోయించి, వాటి మీద 'మొక్కల టానిక్' అని రాయించి షెడ్డుకి పంపేవాడు. బొమ్మతోపాటు అక్షరాలూ పోయాయి. మూతతోపాటు కొలతా పోయింది.

బావ వెళ్ళి అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"సార్, మూతలు రావట్లేదు. డ్రమ్ముకి ఎంత పొయ్యాలో ఎట్లా తెలుస్తుంది?"

మేనేజరు కుర్చీలోంచి లేవలేదు. "నీ ముక్కుండగా నాకెందుకయ్యా కొలతలు?"

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బావ కూడా నవ్వాడు, కాస్త గర్వంగానే. ఆ మాట ఆయనకి శాలువా కప్పినట్టుంది. పేదవాణ్ణి పొగిడితే చాలు, కొలమూత కొనిపెట్టే పని తప్పుతుందని ఆ మేనేజరుకి బాగా తెలుసు.

ఆనాటినుంచీ కొలత ముక్కే. డ్రమ్ము నిండా నీళ్ళు పట్టేవాడు. క్యాను వంచి పోసి, కర్రతో తిప్పి, డ్రమ్ములోకి ముఖం పెట్టి పీల్చేవాడు. వాసన పైపైన తగిలితే గులాబీలకి సరి. ముక్కు దూలం దగ్గర చురుక్కుమంటే పచ్చికకి సరి. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఎక్కువైనట్టు, ఇంకో బిందె నీళ్ళు పోయాలి. ట్యాంకులవాళ్ళు కూడా అదే పద్ధతి పట్టుకున్నారు. డ్రమ్ములోంచి నింపుకునే ముందు ఒక్కొక్కడూ వంగి ఒకసారి పీల్చి, "ఆ, ఉంది" అని తల ఊపి వెళ్ళేవాడు. వంటకి ఉప్పు చూసినట్టు విషానికి వాసన చూసేవాళ్ళు. రోజుకి ఎన్నిసార్లు, ఏడాదికి ఎన్ని రోజులు, నేను లెక్కపెట్టలేను.

చేతి తొడుగులు ఒకసారి ఇచ్చారు. ఫొటో తీసుకుని వెనక్కి తీసుకున్నారు. ట్యాంకుల పట్టీల దగ్గర కారుతూ ఉండేది. పొద్దున తడిసిన చొక్కా మధ్యాహ్నానికి వీపు మీదే ఆరిపోయేది. ఆ చొక్కాలు అక్క ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతికేది. ఆవిడ వేళ్ళ చివర్లు పొరలు పొరలుగా ఊడేవి. సబ్బు పడలేదనుకుని మూడు రకాల సబ్బులు మార్చింది.

బావ పనిలో చేరిన పదిహేనేళ్ళకి షెడ్డులో ఒక కొత్త మాట మొదలైంది. ట్యాంకులవాళ్ళలో ఒకడుండేవాడు, నోరు మూతపడదు గనక అందరూ రేడియో అనేవాళ్ళు. బావ ఆరోజు డ్రమ్ములోకి వంగి, లేచి, మళ్ళీ వంగాడు.

"ఏంటన్నా, డ్రమ్ములో ముఖం చూసుకుంటున్నావా? తెల్లబడ్డదిలే జుట్టు" అన్నాడు రేడియో.

"నోరు ముయ్యరా. మందులో పస లేదు."

"ఏది, జరుగు." రేడియో కూడా వంగి పీల్చాడు. "ఉన్నట్టే ఉందే."

"నీ ముఖం. ఇంతకుముందు ఇదే మందు మూత తీస్తే గేటు దాకా కొట్టేది. కల్తీ చేస్తున్నార్రా. సగం నీళ్ళు కలిపి పంపుతున్నారు."

"అంతేలే అన్నా. ఈ రోజుల్లో విషం తాగి చద్దామన్నా నిఖార్సైంది దొరకదు."

అందరూ నవ్వారు. బావ ఇంకాస్త పోశాడు. కల్తీ అన్నమాట మా అందరికీ ఎంత తేలిగ్గా ఎక్కిందంటే, ఎవరికీ అనుమానమే రాలేదు. పాలు కల్తీ, నూనె కల్తీ, మందు మాత్రం కాదా? మా బావ ముక్కు తప్పుతుందంటే ఎవరు నమ్ముతారు? లోకం తప్పుతుందంటేనే నమ్మాం. ఆ ఏడాది ఇంకాస్త పోశాడు, పై ఏడాది మరికాస్త. ట్యాంకులవాళ్ళకి తలనొప్పులు ఎక్కువయ్యాయి. ఎండ అనుకున్నారు. ఒకడు పని మధ్యలో వాంతి చేసుకున్నాడు. పొద్దున తిన్నది పడలేదనుకున్నారు. అప్పటికి వాళ్ళు కూడా వాసన బాగా ఘాటుగా ఉందని అనడం మానేశారు. ముక్కన్న సరే అన్నాడంటే సరే.

ఇంట్లో మొదట కనిపెట్టింది అక్క. ఒకరోజు పొయ్యి మీద గిన్నె పెట్టి వాకిట్లోకి వెళ్ళిందట. బావ పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. అక్క తిరిగి వచ్చేసరికి ఇల్లంతా పొగ, గిన్నె అడుగు బొగ్గు.

"పక్కనే కూర్చున్నావుగా, మాడు వాసన రాలేదా?"

"నేను గుండీ చూసుకుంటున్నానే."

"గుండీ చూసుకునేది కళ్ళతో కదా. ముక్కుకేం పని తగిలింది?"

బావ నవ్వేశాడు. అక్క నవ్వలేదు. నాతో చెప్పింది, "తమ్ముడూ, ఈయన గుండీ కుట్టటానికి అరగంట పట్టిందిరా. సూది దారం ఎక్కట్లేదు. ఎడం చేయి మాట వినట్లేదు."

తరవాత నేనూ గమనించాను. నడిచేటప్పుడు ఆయన కుడి చేయి ఊగుతోంది, ఎడం చేయి ఒంటికి అంటించినట్టు ఉండిపోతోంది. "అన్న ఎడం చెయ్యి సెలవు పెట్టింది" అని రేడియో అంటే, "నీ నోరు కూడా పెడితే బాగుండు" అనేవాడు బావ. కొన్నాళ్ళకి ఆ చేతి బొటనవేలు, చూపుడువేలు ఊరికే ఏదో నలుపుతున్నట్టు కదలడం మొదలుపెట్టాయి. దాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

ఇక పచ్చిక సంగతి. క్లబ్బుహౌసు దగ్గర ఏదో పెద్ద మీటింగు ఉందని, పచ్చిక అద్దంలా ఉండాలని మేనేజరు వారం ముందే మందు కొట్టించాడు. నాలుగో రోజుకి అంచులు పసుపెక్కాయి. ఆరో రోజుకి మొత్తం పచ్చిక ఎండుగడ్డి పరిచినట్టయింది. అడుగు వేస్తే కరకరమంది. బావ దాని మధ్యలో గొంతుక్కూర్చుని, గడ్డి పీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు. ఆయన ముఖంలోకి నేను అప్పుడే చూశాను. తప్పిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

రెండో రోజే కాగితం వచ్చింది. మీటింగుకి వచ్చినవాళ్ళకి సమాధానం చెప్పాలి గదా. కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి. నిర్లక్ష్యమని తీసేస్తే వైద్యం ఖర్చూ లేదు, ఇన్నేళ్ళ పనికి వచ్చేదీ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పచ్చిక ఆరు రోజుల్లో మాడితే ఊరంతా చూసింది. పంతొమ్మిదేళ్ళుగా మాడుతున్న మనిషిని ఒక్కడూ చూడలేదు.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నెమ్మదస్తుడు. బావని నడిపించాడు, వేళ్ళు కలిపి విప్పమన్నాడు, ముంజేయి పట్టుకుని వంచి చూశాడు. ఆ తరవాత, "వాసన తెలియడం ఎప్పటినుంచి తగ్గింది?" అని అడిగాడు.

"నా ముక్కుకేం కాలేదండీ. మందే కల్తీ వస్తోంది."

బల్ల మీద సీసాలో దూది ముంచే స్పిరిటు ఉంటే డాక్టరు మూత తీసి, "కళ్ళు మూసుకోండి" అని బావ ముక్కు కింద పెట్టాడు. వెనకాల నిలబడ్డ నాకే గుప్పుమంది.

"ఏమన్నా తెలుస్తోందా?"

"ఇంకా ఏం పెట్టలేదుగా" అన్నాడు బావ.

అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది.

డాక్టరు మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. ఇది వణుకు జబ్బు, మెదడులో మొదలై చేతులూ కాళ్ళూ బిగిసిపోయేట్టు చేస్తుంది. చాలామందిలో చేయి వణకడానికి ఎన్నో ఏళ్ళ ముందే ముక్కు పోతుంది. ఫలానా మందు వల్లే వచ్చిందని ఏ ఒక్క మనిషి విషయంలోనూ తేల్చి చెప్పలేం, కానీ ఏళ్ళ తరబడి పురుగుమందులు కొట్టినవాళ్ళలో ఇది ఎక్కువగా కనబడుతోంది. నయం కాదు, మాత్రలతో కొంత అదుపులో ఉంటుంది. అవి జీవితాంతం వాడాలి.

"ఏమేం మందులు వాడారో పేర్లు చెప్పండి, రాస్తాను."

బావ నా వంక చూశాడు. పంతొమ్మిదేళ్ళు చేతులతో కలిపిన మందుల పేరు ఒక్కటి ఆయనకి తెలియదు. "పాలలాగా తెల్లగా ఉండేది ఒకటండీ. ఎర్రది ఒకటి. కుళ్ళిన ఉల్లిపాయ వాసన వచ్చేది ఇంకోటి." డాక్టరు కలం ఆపి, మళ్ళీ అదే రాసుకున్నాడు. తెలుపు, ఎరుపు, ఉల్లిపాయ.

బస్సులో బావ కిటికీలోంచి చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు, "అయితే మందు కల్తీ కాదన్నమాట."

"కాదు బావా."

"నాలుగేళ్ళు. నాలుగేళ్ళు నేను ఎక్కువ పోశాను. ఆ ఎనిమిది మంది వీపుల మీద పోశాను."

 

డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని కార్మికుల ఆఫీసులో అర్జీ పెడదామంటే బావ ఒప్పుకోలేదు. "వాళ్ళు రాసింది అబద్ధమా? పోసింది నేనే కదా."

అక్క చేటలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది. "నువ్వే పోశావు. గుడ్డివాడి చేతికి కత్తిచ్చి కూరలు తరగమన్నది ఎవరు? మూత అడిగావా లేదా?"

"అడిగాను."

"ఇచ్చారా?"

"లేదు."

"ఇంక నీ నిర్లక్ష్యం ఎక్కడుంది? నేను నీ చొక్కాలు ఉతికి ఉతికి నా చేతులు చూడు, పాము కుబుసంలా ఉన్నాయి. ఇది కూడా నా నిర్లక్ష్యమే అని రాస్తారా?"

"అది కాదే..."

"నోరులేనివాడికి నోరిచ్చినా వాడుకోడు. నువ్వు మాట్లాడకపోతే నేను మాట్లాడతా. నాకు మాత్రం సిగ్గేం లేదు."

బావ ఎడం చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "వస్తాను. కానీ నేను పొయ్యలేదని మాత్రం చెప్పను" అన్నాడు.

అర్జీలో అడిగింది రెండే. ఆ నిర్లక్ష్యం మాట కొట్టేయాలి, జబ్బు పనివల్ల వచ్చిందని ఒప్పుకుని వైద్యం పెట్టుకోవాలి.

మూడు వాయిదాలు పోయాక విచారణ జరిగింది. ఆఫీసరు నడివయసు ఆవిడ. కళ్ళద్దాలు మెడలో వేలాడుతూ ఉంటాయి. మేనేజరు ఇస్త్రీ చొక్కాతో, రిజిస్టర్ల కట్టతో వచ్చాడు. ఏ పేజీ తిప్పినా వేపనూనె, ఎరువు, నీళ్ళు. ఎనిమిది మంది ట్యాంకులవాళ్ళనీ పిలిపించారు, వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తోంది, సాక్ష్యం చెబితే పని పోతుందని భయం.

"మా దగ్గర అంతా కొలత ప్రకారమే మేడమ్" అన్నాడు మేనేజరు. సంచీలోంచి ఒక కొలమూత తీసి బల్ల మీద పెట్టాడు. ధగధగలాడుతోంది. "ప్రతి ఒక్కరికీ ఇదే ఇచ్చాం. ఈయనే వాడలేదు."

ఆవిడ దాన్ని తీసుకుని తిప్పి చూసింది. "కొత్తదిలా ఉందే."

"జాగ్రత్తగా వాడతారు మేడమ్."

ఆవిడ బావ వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"ఎక్కువ పోసింది నిజమేనమ్మా. అబద్ధం చెప్పను. కానీ నేను మూతతో కొలిచి ఎక్కువ పొయ్యలేదు. ముక్కుతో కొలిచాను. అక్కడందరం అంతే."

"ముక్కుతో ఎవరైనా కొలుస్తారా మేడమ్? కట్టుకథ" అన్నాడు మేనేజరు. ఒకప్పుడు ఆ మాటతోనే నవ్వించినవాడు.

ఆవిడ బంట్రోతుని పిలిచి, వరండా తుడిచే బకెట్టు తెమ్మంది. ఫినాయిలు నీళ్ళు, తెల్లగా, గది నిండా ఘాటు. బకెట్టు స్టూలు మీద, దాని పక్కన కొలమూత పెట్టించింది. "సాక్షులందరినీ బయటే ఉండమను. ఒక్కొక్కరినే పంపించు."

మొదటివాడు వచ్చి బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. ఆవిడ అడిగింది, "ఇది మీ డ్రమ్ము అనుకో. మందు సరిపోయిందో లేదో నువ్వెట్లా చూస్తావు, చేసి చూపించు."

అతను మేనేజరు వంక చూశాడు. నోటితో ఏమన్నా చెప్పమంటే ఏం చెప్పేవాడో తెలియదు. కానీ చేసి చూపించమన్నారు. ఏళ్ళ తరబడి చేసిన పని ఒంటికి పట్టేసి ఉంటుంది. మూత వంక చూడనైనా చూడకుండా వంగి, బకెట్టులో ముఖం పెట్టి పీల్చాడు. "ఇది ఎక్కువైందమ్మా, నీళ్ళు పొయ్యాలి" అన్నాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు పీల్చి తుమ్మాడు. ఆవిడ రాసుకుంటూ పోయింది. మేనేజరు కాలు ఊపడం ఆపేశాడు.

నాలుగోవాడు రేడియో. వస్తూనే, "ఏంటమ్మా, మమ్మల్ని వంటలవాళ్ళనుకున్నారా, రుచి చూపిస్తున్నారు" అన్నాడు. ఆవిడ నవ్వి, అదే మాట చెప్పింది. రేడియో వంగాడు, పీల్చాడు. ఇంకా వంగాడు, ముక్కు నీళ్ళకి తగిలేంత దగ్గరికి పోయాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇందులో ఏముందమ్మా, ఉత్తి నీళ్ళు. ముందు మందు పొయ్యండి, అప్పుడు చెప్తాను."

గోడవారగా నిలబడ్డ బంట్రోతు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకునే ఉన్నాడు. రేడియో అందరి ముఖాలూ చూశాడు. తనేదో పెద్ద జోకు వేశాననుకుని కాస్త నవ్వాడు కూడా. ఎవరూ నవ్వకపోయేసరికి, "ఏం, తప్పు చెప్పానా?" అన్నాడు.

బావ లేచి వెళ్ళి అతని భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి వణుకుతూనే ఉంది.

మేనేజరు ఐదు నిమిషాలు టైమడిగాడు. ఆవిడ సరేనంది. వరండా చివర నీళ్ళ కుళాయి దగ్గరికి బావనీ, అక్కనీ, నన్నూ పిలిచి గొంతు తగ్గించాడు.

"చూడండి, ఇంత దూరం ఎందుకు. ఆ కాగితం వెనక్కి తీసుకుంటాం. రావలసినవి వచ్చేస్తాయి, మాత్రల ఖర్చు మేమే పెట్టుకుంటాం. మనస్ఫూర్తిగా చెప్తున్నా. మీరు లోపలికెళ్ళి అర్జీ ఉపసంహరించుకుంటున్నామని ఒక్క సంతకం పెట్టండి. మిగతా నలుగురినీ పిలవక్కర్లేదు, విషయం ఇక్కడితో ఆగిపోతుంది."

మేం వచ్చింది దీనికోసమే. చేతికందిన ముద్ద. అక్క కళ్ళు తుడుచుకుంది. ఆవిడని తప్పుపట్టేవాళ్ళు ఒక్క నెల మాత్రలు కొని చూడాలి.

"ఒప్పుకుందామయ్యా" అంది అక్క.

బావ బల్ల దగ్గర కూర్చున్న రేడియోని కేకేసి పిలిచాడు.

"ఏరా, నీకు వాసన తెలియట్లేదా?"

"జలుబన్నా. నీకు తెలుసుగా నా సంగతి, ఎప్పుడూ ముక్కు దిబ్బడే."

"ఎన్నాళ్ళయింది?"

"ఏది, జలుబా?" రేడియో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగాడు. "మా చిన్నదాన్ని బళ్ళో వేసినప్పటినుంచి. మూడేళ్ళేమో."

"మూడేళ్ళ జలుబుందిరా ఎక్కడన్నా?"

రేడియో నోరు తెరిచి, మూసేశాడు. అతని నోరు మూతపడటం నేను మొదటిసారి చూశాను. అక్క అతని వంక చూసింది, అతని చొక్కా వీపు మీద తెల్లగా చారలు కట్టిన మరక వంక చూసింది. ఆ మరక ఉతికితే పోదని ఆవిడకి తెలుసు. కొంగు నడుముకి దోపుకుంది.

"లోపలికి పద" అంది బావతో.

"నేనింత మంచిగా చెప్తుంటే..." అన్నాడు మేనేజరు.

"నువ్వు చెప్పేది ఆయనకి మంచిదే బాబూ. వీళ్ళ సంగతేంటి? ఈయన చేత్తో కలిపిచ్చింది వాళ్ళు మోశారు. ఆ బరువు నీ కాగితంతో దిగదు."

లోపల బావ నిలబడే మాట్లాడాడు. "అమ్మా, వీళ్ళు నా మాట ఒప్పుకుంటామంటున్నారు. నేను ఒప్పుకోను. మిగతా నలుగురినీ కూడా పిలవండి. ఎనిమిది మందినీ డాక్టరు దగ్గరికి పంపించండి. క్యాన్లలో ఏం పోసి పంపారో పేర్లు తెప్పించండి. డాక్టరు అడిగితే నాకు చెప్పటానికి రంగులు తప్ప లేవు. వీళ్ళకన్నా పేర్లుండాలి."

"మీ విషయం ఇవాళే తేలిపోయేది. ఇప్పుడు ఆలస్యం అవుతుంది, తెలుసా?" అంది ఆవిడ.

"తెలుసమ్మా."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కొత్త కాగితం తీసింది. మిగతా నలుగురూ వచ్చారు. నలుగురూ మూతని ముట్టుకోకుండా వంగారు. అందులో ఇంకొకడు కూడా రెండుసార్లు పీల్చి, తేల్చుకోలేక, ఘాటు కొంచెం తక్కువగా ఉందన్నాడు. ఆ బకెట్టు దెబ్బకి నాకు అప్పటికే తల తిరుగుతోంది.

ఇది జరిగి ఏడు నెలలు. ఆ నిర్లక్ష్యం మాట ఇంకా కొట్టేయలేదు. మందుల పేర్లు ఇమ్మని కాలనీకి రెండుసార్లు రాశారు, వెతుకుతున్నామని జవాబొచ్చింది. నాలుగు వందల ఇళ్ళవాళ్ళకి పచ్చిక మాడితే ఫోన్లు చేయడం తెలుసు, దీనికి ఒక్క ఫోను పోలేదు. షెడ్డులో ఇప్పుడు కొత్త మనుషులు ట్యాంకులు మోస్తున్నారు. క్యాన్ల మీద ఇంకా టానిక్ అనే ఉందని గేటు దగ్గర కాపలావాడు చెప్పాడు. నన్నూ తీసేశారులెండి, రోడ్డు పనికి పోతున్నాను. బావ మాత్రలు మా రెండిళ్ళవాళ్ళం తలా కొంచెం వేసుకుని కొంటున్నాం.

ఎనిమిది మందినీ ఆసుపత్రికి పంపించారు, అది మాత్రం జరిగింది. ఆరోజు వరసలో రేడియో ముందు నిలబడ్డాడు, వెనకాల బావ, నేను. చీటీ రాసే కిటికీ దాకా వచ్చాక రేడియో వెనక్కి తిరిగాడు.

"అన్నా, నిజం చెప్పు. నా చెయ్యి కూడా పోద్దా?"

"తెలీదురా" అన్నాడు బావ. "తెలుసుకుందామనే వచ్చాం. ముందుకి జరుగు, మన వెనక చాలామంది ఉన్నారు."